మేస్త్రి పీకని కొయ్యలు

తమిళనాడు గుడియాత్తంలో మేస్త్రి దేవరాజులుకి ఉండేది ఒకే ఒక్క చెడ్డ గుణం. తాగడు, బీడీ ముట్టడు, ఎవురి గొడవకీ పోడు. కానీ ఇంటర్నెట్లో ఒకసారి తెరిచిన పేజీని మాత్రం ఆయన్ని తలకిందులుగా నిలబెట్టినా మూయడు. ఆ బుధవారం పొద్దన్నకి ఆయన ల్యాప్‌టాప్‌లో తెరిచిపెట్టిన ట్యాబులు అక్షరాలా ఆర్నూట నలభై మూడు. కూతురు సుగన్య మూడుసార్లు చూసి చెప్పిన అంకె ఇది. ఎవురన్నా కాదంటే ఆ పిల్లతోనే పోట్లాడుకోండి.

మూయకపోవడానికి ఆయన దగ్గిర ఒక శాస్త్రం ఉండాది. ముప్పై ఏండ్లుగా ఇండ్లు కట్టే మనిషి కదా. మిద్దెకి కాంక్రీటు పోసినాక కింద ఆనించిన సెంట్రింగ్ కొయ్యలు ఇరవై ఒక్క దినం కదిలించకూడదు. ఆ గడువు తీరినాక కూడా మన మేస్త్రి ఊరికే పీకనీయడు. సుత్తి కామతో మిద్దెని టకటకా కొట్టి, చెవి ఆనించి, కండ్లు మూసుకుని విని, "ఊ, సెట్ అయింది" అన్నాకనే సెంట్రింగ్ గోపాల్ కొయ్య మీద చెయ్యి వేయాల. ఇంటర్నెట్టుకీ అదే శాస్త్రం అంటాడు.

"నాయనా, నాట్రంపల్లి బస్సు టైములు అని ఒక ట్యాబు రెండేండ్లుగా ఉండాది. మూసేస్తా" అనింది సుగన్య ఒకసారి.

"కొయ్య పీకద్దు. ఆ బస్సు ఇంకా తిరగతా ఉండాది కదా!"

"తిరిగేది బస్సు నాయనా, నువ్వు పొయ్యేది లేదు కదా!"

"పోతే?" అన్నాడు మేస్త్రి. ఆ ట్యాబు అట్లే ఉండిపొయింది.

ఇంకో కష్టం ఏందంటే, ఆయన ఎదురుగా మనిషనేవాడు నోరు జారి ఒక్క మాట అనకూడదు. పక్కింటి ఆటో గోవిందస్వామి ఒకనాడు ఇంటి ముందర ఆటో నిలిపి, "ఈ సీటు గట్టిగా ఉండాదప్పా, సాయంత్రానికి నడుం పట్టేస్తాది" అన్నాడు. పాపం, ఏదో మాట వరసకి అన్నాడు. మేస్త్రి లోపలికి పొయ్యి పద్నాలుగు ట్యాబులు తెరిచినాడు. నెల దాటినాక నడిబజారులో, ఆటోలో ముగ్గురు ఆడోళ్ళు కూర్చోనుండగా, "గోవిందసామీ, నిలుపు నిలుపు!" అని అడ్డం పడినాడు. ఆ ముగ్గుర్నీ కిందికి దించి, సీటుని వేలు మడిచి టకటకా కొట్టి, వంగి చెవి పెట్టి, "లోపల స్పాంజి చచ్చిపోయింది" అని చెప్పి పొయినాడు. ఆ ఆడోళ్ళు ఇంకో ఆటో చూసుకున్నారు.

పాలు పోసే కాళియమ్మకి మోకాలి నొప్పి. దానికి ముప్పై ఒక్క ట్యాబు. రోజుకొక వైద్యం చెప్తాడు. ఒకనాడు మునగాకు, ఒకనాడు ఇసుక మూట కాపు, ఒకనాడు కుర్చీలో కూర్చొని కాలు ఎత్తడం దించడం. ఎత్తేదాకా, దించేదాకా పాల చెంబు అందుకోడు. కాళియమ్మ కొన్నాళ్ళు ఎదురు వీధిలో నుంచి రావడం మొదలుపెట్టింది. మేస్త్రి పొయ్యి ఆ వీధిలో నిలబడుకున్నాడు.

ఇదంతా చూసి ఆయన భార్య శారదమ్మ ఇంట్లో ఒక చట్టం తెచ్చింది. మేస్త్రి వినేట్టు ఎవురూ "అబ్బా" అనకూడదు. తుమ్ము వస్తే పెరట్లోకి పొయ్యి తుమ్మాల.

ల్యాప్‌టాప్ నిజానికి సుగన్య చదువుకని వచ్చిన పాతది. స్పీకర్లో సిమెంటు దుమ్ము పొయ్యి గొంతు ఏనాడో పడిపోయింది. డిగ్రీ అయినాక ఆ పిల్లకి ఒకే ఆశ. వేలూరులో ఒక కాలేజీలో ఎక్స్‌రే, స్కానింగ్ తీసే టెక్నీషియన్ కోర్సు చేయాల. పోయినేడు సీటు రాలేదు. ఈ ఏడు వెయిటింగ్ లిస్టులో నాలుగో నంబరు. పది దినాలు ఎదురు చూసింది, ముందరోళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఇంక వల్లగాదని ఆ పేజీ వైపు చూడడం మానేసి, "ఇంట్లో ఎవురూ ఆ మాట ఎత్తద్దండి" అని కచ్చితంగా చెప్పేసింది. అందురూ సరేనన్నారు. మేస్త్రి కూడా తల ఊపినాడు.

ఆ వారమే ఆయనకి ఇంకో పిచ్చి మొదలయింది. టీవీఎస్ బండి కొక్కేనికి ఒక పసుపు గుడ్డ సంచి తగిలించుకుని తిరగతాడు. పనికాడికి దాంతోనే పోతాడు, దాంతోనే వస్తాడు. విప్పగా చూసినోళ్ళు లేరు. "ఏముండాదయ్యా దాంట్లో?" అని శారదమ్మ అడిగితే "సుమ్మా" అంటాడు. ఊరికే అనేదానికి ఆ ఊర్లో అందురూ అనే మాటే అది. సుగన్య ఆ సంచిని చూసినప్పుడల్లా నవ్వుకునేది.

ఇంక బుధవారం సంగతికి వద్దాం. ఊర్లో ఒక అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ పని ఖాళీగా ఉండాదని, మధ్యాహ్నం లోపల బయోడేటా పంపమని సుగన్యకి ముందు రాత్రే తెలిసింది. ఆశ పడిన చదువు ఎట్లాగూ లేదు, ఇదన్నా చూసుకుందామని పొద్దన్నే ఆరింటికి, నాయన లేచేలోపలే ల్యాప్‌టాప్ తెరిచింది. తెరిచిందే గానీ, అది మూలిగింది, వేడెక్కింది, గింగిరాలు తిరిగే గుండ్రం ఒకటి చూపించి బిగుసుకుపొయింది. తొమ్మిదయినా అదే గుండ్రం.

"నాయనా! ఇంక నా చేత కాదు. ఈ పొద్దు నీ ట్యాబులన్నీ మూసేస్తా ఉండా!"

మేస్త్రి నోట్లో ఉండే వేపపుల్ల కింద పడింది. పరిగెత్తుకుని వచ్చి ల్యాప్‌టాప్‌కి అడ్డంగా నిలబడినాడు.

"పాపా, ఒక్క కొయ్య పీకినా మిద్దె కూలిపోతాది!"

"యాడుండాది నాయనా మిద్దె?"

"అది నీకు కనబడదు. నాకు తెలుసు."

శారదమ్మ మధ్యలో దూరి, ఇద్దురికీ చెరో గ్లాసు కాఫీ ఇచ్చి, ఒక ఒప్పందం చేసింది. సుగన్య బ్రౌజర్లో ఏఐ అసిస్టెంటు ఒకటి పెట్టుకోవచ్చు. అది పేజీలన్నీ చదవొచ్చు, వరసలు కట్టొచ్చు. మూసేది మాత్రం లేదు. మేస్త్రి ఆ అసిస్టెంటు గురించి కూడా ఒక పేజీ తెరిచి చూస్తానన్నాడు గానీ, ఇద్దురాడోళ్ళూ ఒకేసారి చూసిన చూపుకి కాఫీ గ్లాసులోకి తల దూర్చినాడు.

ల్యాప్‌టాప్‌ని ఒకసారి ఆపి లేపి, ఆ ఆర్నూట నలభై మూడూ మళ్ళీ ఒక్కటి పోకుండా వచ్చినాయని మేస్త్రి తృప్తి పడినాక, సుగన్య మైకు నొక్కి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఇదో, ఈ పేజీలన్నీ చదివి, ఏది ఎవురికి సంబంధించిందో వేరువేరుగా కట్టి చెప్పు. అర్జెంటుది ఏదన్నా ఉంటే పైన పెట్టు."

పాపం, దానికి ఒళ్ళొంగని పని లేదు. పది నిమిషాల్లో స్క్రీను నిండా జవాబు వచ్చి నిలబడింది. ముగ్గురూ ముందుకి వంగినారు. ముగ్గురూ మళ్ళీ వెనక్కి ఒరిగి ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

జవాబు తెలుగులో ఉండాది! అచ్చమైన తెలుగు అక్షరాల్లో!

ఆ ఇంట్లో తాతల కాలం నుంచీ తిట్టుకునేది తెలుగులో, ముద్దు చేసేది తెలుగులో. కానీ బడికి పొయ్యిందంతా తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి గుర్తుపట్టేవాళ్ళు లేరు. "మన మాటే, మనకే చదవను రాదు. ఎంత అన్యాయమప్పా ఇది!" అన్నాడు మేస్త్రి.

"ఉండు, తమిళంలో చెప్పమంటా" అని సుగన్య మళ్ళీ మైకు మీద వేలు పెట్టబొయింది.

"వేలు తియ్యి!" అని వెనక నుంచి ఒక కేక వచ్చింది.

కేక వేసింది కాంతమ్మ, మేస్త్రి తల్లి. ఆమె పుట్టింది పలమనేరులో, చదివింది అక్కడే తెలుగు బడిలో అయిదో తరగతి. ఈ ఊరికి కోడలుగా వచ్చినాక ఆమె చదువుతో ఎవురికీ పని పడలేదు. పంచాంగం ఒక్కటి ముందరేసుకుని తనకి తానే చదువుకునేది. దారం కట్టిన కండ్లద్దాలు తగిలించుకుని, కోడల్ని పక్కకి జరిపి, కుర్చీలో కూర్చుంది.

"యాభై ఏండ్లకి నాకొక పని వచ్చినాది. ఎవురన్నా తమిళం అన్నారంటే చూడండి" అనింది. 

స్క్రీను మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటా మొదలుపెట్టింది. "కా... ళి... య... మ్మ. కాళియమ్మ మోకాలు. ముప్పై ఒక్క పేజీలు."

ఖాళీ చెంబు కోసం వచ్చి గుమ్మంలో నిలబడిన కాళియమ్మ, "నా మోకాలు ఆ పెట్టెలోకి ఎట్లా పొయింది సామీ!" అని లోపలికి వచ్చేసింది.

"గోవిందస్వామి ఆటో సీటు. పద్నాలుగు పేజీలు." కిటికీ బయట నుంచి గోవిందస్వామి తల లోపలికి వచ్చింది.

"గోపాల్ బిడ్డకి పేరు. నలభై పేజీలు."

"నాయనా, గోపాలన్న బిడ్డకి పేరు పెట్టి రెండేండ్లాయె! నడస్తా ఉండాది!" అనింది సుగన్య.

"పెడితే సరిపోయిందా? పిలస్తే పలకతా ఉండాదా లేదా చూడాల కదా" అన్నాడు మేస్త్రి.

"జెసింత టీచర్ ఇంటి గోడకి చెమ్మ. ఇరవై రెండు. కాళియమ్మ తమ్ముడికి మోర్ధానా డ్యాం నీళ్ళు ఎప్పుడు వదలతారు. తొమ్మిది." అవ్వ వేలు నిదానంగా పాకతా ఉండాది. ఒక పేరు చదివినప్పుడల్లా గుమ్మంలో ఒక నవ్వు. "శారదమ్మ అడిగిన నెమలికంఠం రంగు పట్టుచీర. యాభై ఏడు."

శారదమ్మ చేతిలో గ్లాసు కిందపెట్టింది. "నేనెప్పుడు అడిగితిని?"

"మీ చెల్లెలి కూతురి పెండ్లిలో. ఎవురో కట్టుకోనుంటే, బాగుండాది అంటివి" అన్నాడు మేస్త్రి నేల చూస్తా.

"ఆరేండ్లాయెనే అయ్యా!"

"సరైన రంగు ఇంకా దొరకలా. ఒకటి పచ్చగా ఉంటాది, ఒకటి నీలంగా ఉంటాది."

శారదమ్మ వంటింట్లోకి పొయింది. లోపల గిన్నెలు మోగలేదు. ఆ ఇంట్లో గిన్నెలు మోగకపోవడం అంటే మామూలు విషయం కాదు.

సుగన్యకి ఒక పక్క నవ్వు వస్తా ఉండాది, ఇంకో పక్క మనసులో ఏదో అవుతా ఉండాది. అవ్వ ఎంత చదివినా అన్నీ ఊర్లోవాళ్ళ పేర్లే. అప్పుడే పదకొండు దాటిపొయింది. చదివిన ముక్క అయిపోతే పైకి జరపమనింది అవ్వ. జరిపితే కింద ఇంకేమీ లేదు. అప్పుడు తెలిసింది, అది తోక! జవాబు తలకాయ పైన ఉండాది. అక్షరం తెలియనోళ్ళు ముగ్గురు, పెట్టెని జరపడం తెలియని అవ్వ ఒకరు, నలుగురూ కలిసి గంటసేపుగా కింద నుంచి చదవతా ఉండారు.

సుగన్య సర్రున పైకి జరిపింది. అన్నిటికంటే పైన ఒక ఎర్ర గీత. గీత కింద తన పేరో ఏమో తెలియదు గానీ, అంకెలు మాత్రం బాగా తెలుస్తా ఉండాయి. ఆ పొద్దు తారీకు. దాని పక్కన 2.00.

"అవ్వా! ఇది ఈ పొద్దుదే! గబగబా చదువు!"

"గబగబా అంటే అక్షరాలు అలికిపోతాయి. ఉండు. అ... త్య... వ... స... రం. అత్యవసరం! సుగన్య కాలేజీ వెయిటింగ్ లిస్టు పేజీ ఈ ఉదయం మారింది. నాలుగో నంబరు వరకు పిలిచారు. ఒరిజినల్ సర్టిఫికెట్లతో మధ్యాహ్నం రెండు గంటలలోపు స్వయంగా..."

అవ్వ మిగిలింది చదివేలోపల సుగన్య ఆ ట్యాబు నొక్కింది. నిజమే! కాలేజీ పేజీ, తన పేరు, తన నంబరు, రెండు గంటలు. తను విసుగుపడి వదిలేసిన పేజీ, అట్లే తెరిచి ఉండాది.

"నాయనా, ఇది నువ్వు మూయలేదా?"

"దినామూ పొద్దన్నే ఫస్టు ఈ కొయ్యనే చూసేది. ఈ పొద్దే బిగుసుకుపొయింది కదా." మేస్త్రి చొక్కా అంచుతో స్క్రీను తుడిచినాడు. "నువ్వు ఆ మాట ఎత్తద్దంటివి. ఎత్తలేదు. చూడద్దని నువ్వు చెప్పలేదు కదమ్మా."

గోడ గడియారంలో పదకొండూ ఇరవై. సుగన్య బీరువాకాడికి పరిగెత్తి, ఫైలు పెట్టే అర తెరిచి చూసింది. అర ఖాళీ! "అమ్మా! సర్టిఫికెట్లు లేవు! ఒక్కటీ లేదమ్మా!" అని కూలబడిపొయింది. శారదమ్మ వంటింట్లో నుంచి, అవ్వ కుర్చీలో నుంచి లేచి వచ్చినారు. పరుపు కింద చూసినారు, బియ్యం డబ్బా వెనక చూసినారు.

మేస్త్రి బయటికి పొయ్యి బండి కొక్కేనికి ఉండే పసుపు సంచి తెచ్చి కూతురి ముందర పెట్టినాడు. దాంట్లో ప్లాస్టిక్ కవరు, కవరులో ఇంకో కవరు, దాంట్లో పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్ని ఒరిజినల్సూ. ఒక్కోదానికి ఎనిమిది జిరాక్సులు. ఫోటోలు రెండు డజన్లు. గమ్ము సీసా, స్టాప్లర్, మూడు పెన్నులు, ఒక నీళ్ళ బాటిలు.

"ఎప్పుడు పిలస్తారో తెలియదు కదా. నేను పనికాడ ఉన్నప్పుడు పిలిస్తే, ఇంటికొచ్చి వెతుక్కునేదానికి టైము యాడుంటాది?" అన్నాడు.

సుగన్య ఆ సంచిని గుండెకి హత్తుకుని లేచింది. గోవిందస్వామి అప్పటికే ఆటో స్టార్టు చేసి హారను మీద హారను కొడతా ఉండాడు. "ఎక్కండి! నా సీటు కోసం పద్నాలుగు పేజీలు చదివిన మనిషి బిడ్డ! రెండింటికి ముందర దించకపోతే నేను ఆటో తోలను!"

మేస్త్రి, సుగన్య ఎక్కినారు. వాళ్ళ మధ్యలో అవ్వ దూరింది. "నువ్వెందుకమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అక్కడ ఇంకో తెలుగు కాగితం చూపించినారంటే చదివేదెవురు?" అనింది కాంతమ్మ. ఆటో కదలతా ఉంటే మేస్త్రి తల బయట పెట్టి, "శారదా, ల్యాప్‌టాప్ మూయద్దు!" అని అరిచినాడు.

పళ్ళికొండ దాటేదాకా బాగానే పొయినారు. హైవే మీద లారీలు హోరున దాటతా ఉంటే, గోవిందస్వామి ఆటో కూడా తన చేతనైనంత హోరు పెట్టింది. వేలూరులో కోట పక్కన పాత బస్టాండు కాడ మాత్రం ఇరుక్కున్నారు. ముందర రెండు బస్సులు అడ్డంగా నిలబడినాయి. ఒంటి గంటా ఇరవై. మేస్త్రి దిగినాడు. రోడ్డు మధ్యలో నిలబడి, కాంక్రీటు పోసే దినం కూలోళ్ళకి పెట్టే కేక పెట్టినాడు. "ఏయ్, ఎడమకి! ఎడమకి రా! నువ్వు ఆగు! ఆ... ఇప్పుడు రా, రా, రా!" డ్రైవర్లు ఎవురో పెద్ద ఆఫీసరనుకున్నారో ఏమో, చెప్పినట్టు చేసినారు. ఆటో సందులో నుంచి బయటపడింది.

కాలేజీ ఆఫీసులోకి ముగ్గురూ రొప్పతా పొయ్యేసరికి ఒకటీ నలభై. కౌంటర్లో ఉండే ఆమె తలెత్తి చూసింది. "నాలుగో నంబరు మీరేనా? మిగిలుండేది ఒక్క సీటు. రెండు కొడితే ఐదో నంబరుకి పోతాది. ఒరిజినల్స్?" సంచి. "జిరాక్సు?" సంచి. "ఫోటో?" సంచి. "గమ్ము..." అని ఆమె తన టేబుల్ మీద వెతుక్కునేలోపల మేస్త్రి గమ్ము సీసా మూత తీసి ముందర పెట్టినాడు. ఆమె పని ఆపేసి నవ్వింది.

ఒకటీ యాభై రెండుకి రశీదు మీద ముద్ర పడింది. మేస్త్రి ఆ కాగితాన్ని కౌంటరు మీద పరిచి, వేలు మడిచి టకటకా కొట్టి, చెవి ఆనించి, కండ్లు మూసుకుని విన్నాడు. వెనక వరసలో వాళ్ళు భయపడి ఒక అడుగు వెనక్కి వేసినారు. "ఊ" అన్నాడు. అంతవరకూ పట్టుకోనుండిన సుగన్య ఆ "ఊ" విని నాయన భుజం మీద తల పెట్టి, నవ్వతా ఏడ్చిందో ఏడస్తా నవ్విందో గానీ, ఆయన చొక్కాకి ఉండే సిమెంటు మరకంతా ఆ పిల్ల మొగానికి అంటుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చినాక ఇల్లంతా సందడి. అవ్వ మళ్ళీ కండ్లద్దాలు తగిలించి, మిగిలిపోయిన జాబితా చదివింది. సుగన్య పేరు మీద నూట పద్దెనిమిది పేజీలు. హాస్టల్లో నీళ్ళెట్ల ఉంటాయి అనేది మొదలు, ఎక్స్‌రే తీసేవాళ్ళకి ఒంటికి ఏమన్నా అవుతాదా అనేదాకా. మధ్యాహ్నం దాటిపొయ్యి అందురూ మరిచిపోయిన అగ్గిపెట్టెల కంపెనీ మీద కూడా నాలుగు.

"అవ్వా, నాయన పేరు మీద ఏమన్నా ఉండాదా చూడు" అనింది సుగన్య.

అవ్వ పై నుంచి కిందికి, కింద నుంచి పైకి వెతికి, ఒక మూల వేలు ఆపింది. "ఉండాది. దేవరాజులు. ఒక్క పేజీ."

"ఏందది?"

"ల్యాప్‌టాప్ ఎందుకు ఇంత నిదానంగా పని చేస్తాది?" అని చదివింది కాంతమ్మ. తెరిచి మూడేండ్లయిందంట. ఇంకా చదవలేదు.

సుగన్య హాస్టల్లో చేరిన ఇరవై ఒకటో దినం, ఆదివారం పొద్దన్న, మేస్త్రి తలస్నానం చేసి ల్యాప్‌టాప్ ముందర కూర్చున్నాడు. శారదమ్మ, కాంతమ్మ, గోవిందస్వామి, కాళియమ్మ, గోపాల్ చుట్టూ నిలబడినారు. గోపాల్ అయితే అలవాటు కొద్దీ చేతులు కూడా దులుపుకున్నాడు. మేస్త్రి స్క్రీనుని టకటకా కొట్టి, చెవి పెట్టి విని, "సెట్ అయింది" అన్నాడు. వెయిటింగ్ లిస్టు ట్యాబు మూసినాడు. జీవితంలో ఆయన పీకిన మొదటి కొయ్య అది. అందురూ చప్పట్లు కొట్టినారు. ల్యాప్‌టాప్‌లో ఆర్నూట నలభై రెండు మిగిలినాయి.

ఈ సంగతంతా ఆ సాయంత్రం ఫోనులో వింటా సుగన్య పడీ పడీ నవ్వింది. హాస్టలు గురించి మాత్రం జాగర్తగా మాట్లాడింది. అన్నం బాగుండాది, నీళ్ళు బాగుండాయి, రూములో ఉండే భువన మంచి పిల్ల, అన్నీ బాగుండాయి. ఎంత జాగర్తగా ఉన్నా, నవ్వి నవ్వి గొంతు పట్టుకుని, చివర్లో ఒక చిన్న దగ్గు వచ్చేసింది.

అటు పక్క ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. తరవాత టకటకమని కీబోర్డు చప్పుడు.

"నాయనా! ఏం చేస్తా ఉండావు?"

"ఏమీ లేదమ్మా. సుమ్మా."

వెనక నుంచి అవ్వ గొంతు, నిదానంగా, కూడబలుక్కుంటా వినబడింది. "పా... ప... కి... ద... గ్గు. పదకొండు పేజీలు."